నా చేత్తో రాసిన ఆరు పేర్లు

నేను రిటైరయ్యాక మా డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెప్పడానికి చేరిన అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "మేడమ్, ప్రపంచ చరిత్ర పేపర్లో అమెరికా యూనిట్‌కు మీ నోట్స్ ఉంటే పంపుతారా? పిల్లలు పాయింట్స్ కావాలంటున్నరు" అంది. నా దగ్గర నోట్స్ లేవు. ఉన్నవి చించేశాను. ఎందుకు చించానో చెప్పబోయేలోపు ఆమెకు క్లాసు టైమైంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

ఏ సంవత్సరం చేరాను, ఎప్పుడు హెడ్‌నయ్యాను, ఎన్ని సెమినార్లకు వెళ్లాను అన్నవి ఇందులో ఉండవు. వాటితో నాకే విసుగు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, ఆ యూనిట్ నాకు అర్థమైంది మాత్రం చివరి రెండేళ్లలో. అదీ నేను చేసిన ఒక తప్పు వల్ల.

నిలబెట్టిన అమ్మాయి

మా కాలేజీ సాతంరాయి దగ్గర హైవే దిగి లోపలికి వస్తే ఉంటుంది. ప్రైవేటు కాలేజీ. పందొమ్మిదో శతాబ్దం చివరి అమెరికా గురించి మా పిల్లలు చదివేది ఒక గైడు. అందులో పారిశ్రామికవేత్తల సేవలు ఎనిమిది పాయింట్లు, కార్మికుల అసంతృప్తికి కారణాలు ఆరు, రాజకీయ అవినీతి నాలుగు. పిల్లలు ఎనిమిది, ఆరు, నాలుగు అని లెక్కబెట్టుకుని బట్టీ పడతారు. ఒక్కోసారి కలిసిపోతాయి. "సమ్మెలు చేయడం పారిశ్రామికవేత్తలు దేశానికి చేసిన సేవ" అని రాసిన జవాబు పత్రాలు నేను దిద్దాను. నవ్వొచ్చేది మొదట్లో. తర్వాత తర్వాత ఎర్ర పెన్ను విసిరికొట్టాలనిపించేది.

స్వరూప మూడో బెంచీలో కూర్చునేది. మామిడిపల్లి అమ్మాయి. వాళ్ల నాన్న ఒకప్పుడు వంకాయ, టమాట పండించిన భూమిలో ఇప్పుడు ప్లాట్ల రాళ్లున్నాయి. ఆ అమ్మాయి ప్రతిరోజూ నా క్లాసులో నిద్రపోయేది. తల వాల్చి కాదు, కళ్లు తెరిచి. ఒకరోజు నాకు ఒళ్లు మండింది.

"ఏంటి స్వరూపా, రాత్రంతా ఫోన్ చూశావా? నిలబడు."

నిలబడింది. పది నిమిషాల తర్వాత కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"నాది నిలవడే నౌకరీనే మేడమ్. నిన్న రెండింటికెల్లి రాత్రి పదింటిదాంక నిలవడ్డ. గిక్కడ గూడ నిలవెడ్తె ఎట్ల?"

ఎదురు మాట్లాడినట్టు లేదు. నిజంగానే అడిగింది. క్లాసులో ఇంకెంతమంది పనికి పోతున్నారని అడిగితే సగం చేతులు లేచాయి. హైవేకు అటువైపు ఒక గోదాం ఉంది. విదేశాలకు విమానాల్లో పోయే మందుల డబ్బాలు అక్కడ సర్దుతారు. ఆ చేతుల్లో ఎక్కువ అక్కడివే. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం రెండు నుంచి షిఫ్టు. రెండేళ్లుగా నేను వాళ్లకు పాఠం చెబుతున్నాను. కార్మికుల అసంతృప్తికి ఆరు కారణాలు, కార్మికులకే.

గైడు పక్కన పెట్టాను

మర్నాడు పాయింట్లు చెప్పలేదు. కథలా చెప్పాను. అమెరికాలో ఒక ఉక్కు మిల్లు. యజమాని సెలవు మీద సముద్రం అవతల స్కాట్లాండ్‌లో ఉన్నాడు. ఇక్కడ మేనేజరు మిల్లు చుట్టూ ఎత్తైన కంచె కట్టించి, కార్మికులను బయటికి నెట్టి గేట్లు మూశాడు. కిరాయి గార్డులను వందల మందిని పడవల్లో నది మీదుగా రప్పించాడు. ఒడ్డున కార్మికులు, వాళ్ల ఆడవాళ్లు నిలబడ్డారు. కాల్పులు జరిగాయి, రెండు వైపులా మనుషులు పోయారు. చివరికి గవర్నర్ సైన్యాన్ని పంపాడు. కార్మికుల సంఘం విరిగిపోయింది. ఆ యజమానే తర్వాత ఊరూరా లైబ్రరీలు కట్టించి మహాదాత అనిపించుకున్నాడు.

కథ అవ్వగానే ఒక్కసారిగా ప్రశ్నలు.

"గా గార్డులను ఎవలు సప్లై చేసిన్రు మేడమ్? కాంట్రాక్టరా?"

"ఏజెన్సీ ఒకటి ఉండేది."

"మాకు గూడ ఏజెన్సీనే."

రైల్వే కంపెనీలు శాసనసభ్యులకు, జడ్జీలకు ఉచిత ప్రయాణం పాసులు ఇచ్చేవని చెప్పాను. వెనక నుంచి ఒక అమ్మాయి, "పాసులేనా మేడమ్? ప్లాట్లు ఇయ్యలేదా?" అంది. క్లాసంతా నవ్వింది. నిజానికి ప్రభుత్వమే రైల్వేలకు కోట్ల ఎకరాలు ఇచ్చింది, ఆ కంపెనీల వాటాలు నాయకులకు చేరాయి. ఆ అమ్మాయి నా గైడు రాసినాయనకన్నా బాగా పట్టుకుంది.

స్వరూప చివర్లో అడిగింది: "వాళ్లను మిల్లుల కూసోనిచ్చేటోళ్లా మేడమ్?"

"అది సిలబస్‌లో లేదమ్మా" అన్నాను. నాకు తెలియదని ఒప్పుకోవడానికి బదులు. ముప్పై ఏళ్లలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో. కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పేది ముందుగా ఇదే. ఆ మాట నోట్లోంచి తీసేయండి. తెలియకపోతే తెలియదనండి.

లైబ్రరీ వస్తుందన్నారు

ఆ ఏడే మా కరస్పాండెంట్ సార్ స్టాఫ్ మీటింగులో ఒక శుభవార్త చెప్పాడు. ఆ మందుల గోదాం ఛైర్మన్ గారు మన కాలేజీకి రెండంతస్తుల లైబ్రరీ కట్టిస్తున్నారని. చప్పట్లు కొట్టాం. అందరికన్నా గట్టిగా కొట్టింది మా లైబ్రేరియన్ ఖాజా సాబ్. శంషాబాద్ మనిషి, నాతోపాటే ఉద్యోగంలో చేరాడు. అన్నేళ్లూ మెట్ల కింద చెమ్మ గదిలో పుస్తకాలను చెదల నుంచి కాపాడటమే ఆయన పనయిపోయింది. "అల్లా మెహర్బానీ మేడమ్, ఇగ నా కితాబులకు ఎండ తగుల్తది" అన్నాడు.

ఛైర్మన్‌కు మా కాలేజీ మీద అంత ప్రేమ ఎందుకో నేను అడగలేదు. తెలియక కాదు. గోదాంకు మనుషులను సప్లై చేసే కాంట్రాక్టు మా ఏరియా లీడర్ ఒకాయన బామ్మర్ది పేరు మీద ఉంది. ఆ లీడర్ అప్పటికి మూడు కండువాలు మార్చాడు, ఏ కండువా వేసుకున్నా కాంట్రాక్టు మాత్రం మారలేదు. మా కరస్పాండెంట్‌కు కాలేజీ వెనక స్థలానికి పర్మిషన్ కావాలి, అది ఆ లీడర్ చెబితే వస్తుంది. ముగ్గురూ ఒకే ఫ్లెక్సీలో నవ్వుతుంటారు. దీన్ని నేను క్లాసులో అమెరికా గురించి చెప్పేటప్పుడు ఎంత చక్కగా వివరించేదాన్నో. స్టాఫ్ రూములో మాత్రం టీ తాగేదాన్ని.

టోకెన్

గోదాంలో గొడవ మొదలైంది ఒక ప్లాస్టిక్ టోకెన్ దగ్గర. ఒక ప్యాకింగ్ లైనులో నలభై మంది ఆడవాళ్లు. బాత్రూముకు పోవాలంటే సూపర్‌వైజర్ దగ్గర టోకెన్ తీసుకోవాలి. లైనుకు ఒకే టోకెన్. ఒకరు పోయి తెచ్చిస్తే ఇంకొకరు. కూర్చోవడానికి స్టూళ్లు లేవు. ఐదో నెల గర్భిణి ఒకామె టోకెన్ కోసం ఎదురుచూస్తూ లైనులోనే పడిపోయింది. ఆమెను దవాఖానకు తీసుకుపోతామని ఇద్దరు అడిగితే, షిఫ్టు అయ్యాక పొమ్మన్నారట.

ఆ మర్నాడు అరవై మంది పని ఆపి గేటు ఎదురుగా సర్వీసు రోడ్డు పక్కన టెంటు వేసుకుని కూర్చున్నారు. ముందు కూర్చున్నవాళ్లలో ఆరుగురు నా స్టూడెంట్లు. స్వరూప వాళ్లలో ఒకతె. నేను బస్సులో పోతూ చూశాను. దిగలేదు. అట్ట మీద రాసింది మాత్రం చదివాను. "స్టూళ్లు కావాలె. టోకెన్ తీసెయ్యాలె." అంతే. రెండే పాయింట్లు.

జాబితా

నాలుగో రోజు కరస్పాండెంట్ సార్ పిలిచాడు.

"కూర్చోండి మేడమ్. టీ తాగుతారా? ఈ వారం మీ క్లాసుకు రెగ్యులర్‌గా రానోళ్లు ఎవరెవరు? జర పేర్లు రాసియ్యండి. పేరెంట్స్‌కు చెప్పాలె గదా."

"అటెండెన్స్ రిజిస్టర్ ఆఫీసులోనే ఉంది సార్."

"రిజిస్టర్‌ల నలభై పేర్లుంటయి. మీకైతే మనిషి మనిషి తెల్సు."

అప్పుడే నాకు అర్థం కావాల్సింది. అర్థమైంది కూడా. కానీ అదే సమయంలో ఇంకో ఆలోచన పక్కన నిలబడింది. పిల్లలు పరీక్షల ముందు రోడ్డు మీద కూర్చున్నారు, పేరెంట్స్‌కు చెబితే మంచిదే కదా అని. చేసే తప్పుకు నేను ఎప్పుడూ ఒక మంచి కారణం వెతుక్కుంటాను, దొరికేదాకా వెతుకుతాను. తెల్ల కాగితం మీద ఆరు పేర్లు, హాల్‌టికెట్ నెంబర్లతో సహా రాసిచ్చాను. టీ కూడా తాగాను.

మర్నాడు మధ్యాహ్నం పోలీసులు టెంటు తీసేశారు. "కాలేజీ స్టూడెంట్లు బయటి నుంచి వచ్చి మా కార్మికులను రెచ్చగొడుతున్నారు, వీళ్లు మా దగ్గర ఎప్పుడూ పనిచేయలేదు" అని కాంట్రాక్టర్ ఫిర్యాదు పెట్టాడు. సాక్ష్యంగా కాలేజీ ఇచ్చిన జాబితా జతచేశాడు. ఆరుగురిని సాయంత్రం దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టి పంపారు. కాంట్రాక్టర్ పుస్తకంలో వాళ్ల పేర్లు మాయమైపోయాయి. అదే వారం మా కాలేజీ నోటీసు బోర్డు మీద ఇంకో కాగితం. అటెండెన్స్ తక్కువైనందుకు ఆ ఆరుగురు పరీక్షలకు అనర్హులు, వాళ్లు కాలేజీ వదిలి బయట పనులకు పోతున్నారని.

స్వరూప స్టాఫ్ రూము గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు.

"ఆడ స్టూడెంట్లు అన్నరు మేడమ్, ఈడ లేబర్ అంటున్నరు. మేమెవలమో మీరన్న చెప్పుండ్రి."

నేను లేచి నిలబడ్డాను.

"గా కాగితం స్టేషన్ల చూసిన. మీ రైటింగే. నా పేపర్ల మీద రెండేండ్లకెల్లి చూస్తలేనా?"

వెళ్లిపోయింది. నేను ఏడవలేదు, నాకు కోపం వచ్చింది. మొదట ఆ అమ్మాయి మీద. ఎంత సిగ్గుపడాల్సిన విషయమైనా రాస్తున్నాను, ఎందుకంటే మీకూ అలాగే వస్తుంది. మనం పట్టుబడినప్పుడు ముందు పట్టుకున్నవాళ్ల మీదే కోపం వస్తుంది.

సన్మాన పత్రం

ఇక్కడ నేను వేదిక మీద కాగితం చించి విసిరానని చెబితే మీకు బాగుంటుంది. అలా జరగలేదు. వారం తర్వాత లైబ్రరీ ప్రారంభోత్సవం. తెలుగు బాగా చదువుతానని సన్మాన పత్రం నాచేతే చదివించారు. "విద్యాదాత, శ్రామిక బంధు" అని ఉంది అందులో. శ్రామిక బంధు దగ్గర ఒకసారి దగ్గి చదివేశాను. లీడర్ చప్పట్లు కొట్టాడు. ఛైర్మన్ గారు పావుగంట ఉండి, రిబ్బన్ కత్తిరించి, ఫ్లైటుందని వెళ్లిపోయారు. ఆయన్ని నేను చూసింది ఆ పావుగంటే. నా క్లాసులో పిల్లలను రెండేళ్లుగా తన గోదాంలో నిలబెట్టిన మనిషి, ఎదురుగా చూస్తే మర్యాదస్తుడు. "మీరు చాలా బాగా చదివారమ్మా" అన్నాడు. ఆయనకు టోకెన్ సంగతి తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోనక్కర లేకుండా బతకడమే అంత ఎత్తుకు పోవడమేమో.

ఖాజా సాబ్ సంచి

ఆ సాయంత్రం కొత్త లైబ్రరీలో ఖాజా సాబ్ ఒక్కడే పుస్తకాలు సర్దుతున్నాడు. నేను వెళ్లి జాబితా సంగతి చెప్పాను. ఎవరికైనా చెప్పడం అదే మొదలు. ఆయన చేతిలో పుస్తకం అలాగే పట్టుకుని విన్నాడు.

"తప్పు చేసిన్రు మేడమ్" అన్నాడు. ఓదార్పు లేదు. పుస్తకం కింద పెట్టి, "వాళ్లు ఆడ పనిచేయలేదన్నడా కాంట్రాక్టరు? నా తాన సబూత్ ఉంది" అన్నాడు.

లైబ్రరీ కార్డు కావాలంటే ఫొటో ఉన్న గుర్తింపు కార్డు జిరాక్స్ ఇవ్వాలి. ఈ పిల్లల్లో చాలామంది ఇచ్చింది గోదాం కార్డు జిరాక్స్. మీద కాంట్రాక్టర్ ముద్ర, చేరిన తేదీ. రెండేళ్ల నాటివి. ఖాజా సాబ్ ఒక్క కాగితం కూడా పారేయని మనిషి. దాని మీద మేమంతా ఆయన్ని ఎగతాళి చేసేవాళ్లం. ఆ ఫారాలు మెట్ల కింద గదిలో, దారం కట్టి, వరసగా ఉన్నాయి.

"ఇవి బయటికి తీసుకుపోతే మీ ఉద్యోగం" అన్నాను.

"లైబ్రేరియన్ పని అడిగినోళ్లకు కాగితం చూపెట్టుడే గద మేడమ్. పిల్లలు లేబర్ ఆఫీసుల ఫిర్యాదు పెట్టిన్రు, వాళ్లు అడిగితె చూపెడ్త. మీరు వస్తరా, రారా?"

వస్తానన్నాను. లేబర్ ఆఫీసులో విచారణ నాలుగుసార్లు వాయిదా పడింది. కంపెనీ మనిషి రాలేదని ఒకసారి, వచ్చినవాడికి అధికారం లేదని ఇంకోసారి. ప్రతిసారీ ఆ ఆరుగురు మామిడిపల్లి నుంచి, బడంగ్‌పేట్ నుంచి బస్సులు మారి వచ్చేవాళ్లు. ప్రతిసారీ ఖాజా సాబ్ గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చునేవాడు. స్వరూప నాతో మాట్లాడలేదు. మిగతావాళ్లు నమస్తే అనేవాళ్లు, ఆమె అదీ అనలేదు.

ఐదోసారి కాంట్రాక్టర్ వచ్చాడు, లీడర్‌ను వెంటబెట్టుకుని. అధికారి కన్నా ముందు లీడరే మాట్లాడాడు. "సార్, వీళ్లు స్టూడెంట్లు. కాలేజీ వాళ్లే రాసిచ్చిన్రు."

"ఆ కాగితం రాసింది నేనే" అన్నాను. "క్లాసుకు రానివాళ్ల పేర్లు అడిగితే రాశాను. వాళ్లు పనిచేయరని నేను ఎక్కడా రాయలేదు. వాళ్లు రెండేళ్లుగా ఈ గోదాంలోనే పనిచేస్తున్నారని నాకు తెలుసు. క్లాసులో చేతులెత్తి చెప్పారు."

లీడర్ నా వైపు తిరిగాడు. "మేడమ్, మీకు రిటైర్మెంట్ దగ్గరుంది గదా. గియన్నీ ఎందుకు?"

ఖాజా సాబ్ సంచిలోంచి ఫారాలు తీసి, ఒక్కొక్కటి అధికారి బల్ల మీద పరిచాడు. ఆరు. కాంట్రాక్టర్ తన ముద్రను తానే వంగి చూసుకున్నాడు. అధికారి విసుగ్గా కళ్లజోడు తీసి, "ఈ ముద్ర మీదేనా, కాదా? ఒక్క మాట చెప్పండి" అన్నాడు. కాంట్రాక్టర్ లీడర్ వైపు ఒకసారి చూసి, "మాదే" అన్నాడు.

ఎట్లా తేలింది

పూర్తి గెలుపు కాదు. టోకెన్ పోయింది. స్టూళ్లు వచ్చాయి, లైనుకు పది. ఆరుగురిలో నలుగురిని పనిలోకి తీసుకున్నారు. స్వరూపను, ఇంకొకామెను తీసుకోలేదు. టెంటు కట్టింది వాళ్లేనని అందరికీ తెలుసు. పరీక్షల సంగతికి వస్తే, నేను ఆదివారాలు స్పెషల్ క్లాసులు పెట్టి అటెండెన్స్ సరిచేస్తానని రాసిచ్చాను. లేబర్ ఆఫీసులో కాలేజీ పేరు ఎక్కడం ఇష్టంలేక ప్రిన్సిపాల్ సంతకం పెట్టాడు. ఆరుగురూ పరీక్ష రాశారు. పేపర్లో అమెరికా నుంచి ఒక ప్రశ్న వచ్చింది, పారిశ్రామికవేత్తల సేవలను వివరింపుము అని. స్వరూప ఏం రాసిందో నాకు తెలియదు, పేపర్లు బయట దిద్దారు. పాసైంది.

ఖాజా సాబ్‌ను ల్యాబ్ స్టోరుకు మార్చారు. సీసాలు లెక్కపెట్టే పని. కొత్త లైబ్రరీ తాళం కరస్పాండెంట్ సార్ డ్రాయర్లో ఉంటుంది. తనిఖీ కమిటీ వచ్చినప్పుడు తీస్తారు. పుస్తకాలకు ఎండ తగులుతోంది, చదివేవాళ్లే లేరు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు తల పగిలిపోతుంది. నేను రిటైరయ్యేరోజు పూలదండ వేశారు, అది కూడా తొందర తొందరగా. ఇంటికొచ్చి, ఎనిమిది, ఆరు, నాలుగు అని రాసుకున్న ఆ యూనిట్ నోట్స్ చించేశాను.

కొత్తగా పాఠం చెప్పేవాళ్లకు నేను ఇచ్చేది నోట్స్ కాదు, రెండు మాటలు. మీ ముందు బెంచీలో కూర్చున్నవాళ్లు పాఠం అయ్యాక ఎక్కడికి పోతారో మొదటి వారంలోనే తెలుసుకోండి. పైవాళ్లు టీ ఇచ్చి పేర్లు అడిగితే, ఎందుకని అడగండి, జవాబు వచ్చేదాకా పెన్ను మూత తీయకండి. ఇవి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదేమో.

రిటైరైన కొన్ని నెలలకు శంషాబాద్ బస్టాప్‌లో స్వరూప కనిపించింది. తప్పుకుని పోతుందనుకున్నాను. దగ్గరికే వచ్చింది.

"మిమ్మల్ని మాఫ్ చేసిన అనుకోకుండ్రి మేడమ్. పనిపడ్డది, గందుకే అడుగుతున్న. గోదాములల్ల చేసే ఆడోళ్లం సంఘం పెట్టుకున్నం. రిజిస్ట్రేషన్‌కు ఓ దరఖాస్తు రాసుడున్నది. ఆదివారం బడంగ్‌పేట్ వస్తరా?"

వెళ్లాను. ఒక కిరాయి గది, చాప మీద పదిహేను మంది ఉన్నారు. అందరూ నావైపు చూశారు. స్వరూప లేచి పరిచయం చేసింది.

"ఈమె మా హిస్టరీ మేడమ్. మా పేర్లు రాసిచ్చింది ఈమెనే. మల్ల వచ్చి సాక్ష్యం జెప్పింది గూడ ఈమెనే. రెండూ యాదికుంచుకోండ్రి."

ఒక ముసలామె చాప మీద కొంచెం జరిగింది. నేను కూర్చుని, వాళ్లు చెప్పేది వినడం మొదలుపెట్టాను.